చూపించే బావి

మా ఊళ్లో బావులకు కొదవ లేదు, తాగే నీళ్లకే కొదవ. అందుకే తనిఖీకి ఎవరొచ్చినా తిన్నగా మా వాకిట్లోకే తీసుకొచ్చేవాళ్లు. ఊరు మొత్తానికి ఎత్తున ఉన్న ఇల్లు మాది. తోళ్ల ఫ్యాక్టరీ కింద వాగు పక్కన ఉంది. దాని మురికి ఎంత పారినా పల్లానికే పారుతుంది గాని, మెట్టెక్కి మా బావిలోకి రాదు కదా! అలా మా బావికి చూపించే బావి అని పేరొచ్చింది. నన్నేమో చిన్నా పెద్దా అందరూ బావి అత్తా అనేవాళ్లు. నా అసలు పేరు రేషను దుకాణం వాడికి తప్ప ఎవరికీ గుర్తుండదు.

తనిఖీ రోజున ఎవరి పని వాళ్లకు తెలుసు. ఫ్యాక్టరీ వాళ్లు తూము కట్టేసి వాగులోకి మంచినీళ్లు వదిలేవాళ్లు. టీ కొట్టాయన వచ్చినవాళ్లకు మర్యాదలు చేసి, ఆ మురికి దిగువకు పోయేదాకా కదలనిచ్చేవాడు కాదు. కుట్టుమిషనావిడ పసుపు మరకలు పడ్డ బట్టలు తీగ మీంచి తీసేసేది. కాళ్ల మీద పుండ్లున్న పిల్లల్ని తల్లులే లోపల కూర్చోబెట్టేవాళ్లు. పెళ్లిచూపులకు ఇల్లు సర్దినట్టు ఊరంతా సర్దుకునేది. ఆఖరికి మా బావి నీళ్లు సీసాలో పట్టించి, ఒక గ్లాసు తాగించి పంపేవాళ్లం. వచ్చినవాళ్లు బాగుందనేవాళ్లు. నిజంగానే బాగుండేది, అందులో అబద్ధం లేదు.

ఇది మోసం కాదా అంటే మోసమే. పత్తి మిల్లు మూతపడ్డ ఏడాది ఈ ఊళ్లో ఉన్నవాళ్లెవరూ ఆ మాట అడగరు. మగాళ్లు పొద్దస్తమానం అరుగుల మీద పేకాట, ఆడవాళ్లు ఇత్తడి సామాను చాటుగా అమ్ముకోవడం, దుకాణాలకు తాళాలు. మా ఆయన ఆ దిగులుతోనే మంచం పట్టి పోయాడు. తర్వాత తోళ్ల ఫ్యాక్టరీ వచ్చింది. ఆ కంపుకు మొదటి నెల ఎవరికీ ముద్ద దిగలేదు. జీతాలు చేతికందాక ఎవరికీ కంపు కొట్టలేదు. కొట్టిందన్నవాణ్ణి ఊరంతా కలిసి నోరు మూయించింది. నేనూ అందులో ఉన్నాను, నాకేం మినహాయింపు లేదు.

ఒక్కటి మాత్రం గట్టిగా పాటించేవాళ్లం. కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు మా బావి నీళ్లే తాగాలి. కింది వీధుల్లో కడుపులు నిలవడం లేదు. ఎందుకు నిలవడం లేదో అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తి అనరు. పొద్దున్నే ఆ ఆడపిల్లలు బిందెలతో ఎక్కి వచ్చేవాళ్లు. మా కోడలికి మొదటి కడుపు పోయింది. పుట్టింట్లో ఉండగా పోయింది కాబట్టి నేను పెద్దగా మాట్లాడాను, నా బావి నీళ్లు తాగుంటే నిలిచేదని. ఇప్పుడు మళ్లీ నెలలు నిండుతున్నాయి. ఈసారి దాన్ని గడప దాటనివ్వలేదు.

ఎండలు ముదిరాక నీళ్ల రుచి మారింది. ముందు కనిపెట్టింది కోడలే. నీళ్లు చేదుగా ఉన్నాయి అత్తయ్యా అంటే, కడుపుతో ఉన్నదానికి నోరు చేదుగా కాక తియ్యగా ఉంటుందా అని కసిరాను. వాంతులు ఆగలేదు. ఈ నెలల్లో వాంతులేమిటని అప్పుడు అనుమానం వచ్చింది. బిందె అడుగున పచ్చటి పొర కట్టేది. తోమితే పోయేది, మర్నాటికి మళ్లీ తయారు. ఒకరోజు ముఖం కడుక్కుంటూ నీళ్లు పుక్కిలించి ఉమ్మేసి అలాగే నిలబడిపోయాను. ఆ వాసన నాకు కొత్త కాదు. మా వాడు డ్యూటీ దిగొచ్చి మూలన విప్పి పడేసే బట్టల వాసన అది.

మా వాడు ఫ్యాక్టరీలో ట్రాక్టరు తోలుతాడు. అన్నం దగ్గర అడిగాను. ఎండాకాలం కదమ్మా, అడుగు నీళ్లు అలాగే ఉంటాయి అన్నాడు, కంచంలోంచి తలెత్తకుండా. వాడికి చిన్నప్పటి నుంచీ అబద్ధం చేతకాదు. అబద్ధం చెప్పినప్పుడల్లా అన్నం మారు అడుగుతాడు. ఆ పూట గిన్నె ఖాళీ చేశాడు.

తనిఖీ రేపనగా మధ్యాహ్నం మా తమ్ముడొచ్చాడు. వాడు అక్కడే సూపర్‌వైజరు. నీళ్ల సంగతి చెప్పాను. ఆశ్చర్యపోతాడనుకున్నాను. చెప్పులు విడిచి, నింపాదిగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మోటారు పెట్టి మొత్తం తోడించేస్తానక్కా. సాయంత్రానికి దూరం నుంచి ట్యాంకర్లు వస్తాయి. బావి నిండుతుంది. రేపు ఒక్కరోజు గడిస్తే చాలు."

నేను ఊరుకోలేదు. తోడబుట్టినవాడని చూడకుండా నోటికొచ్చిందల్లా అన్నాను. వాడు అన్నీ విన్నాడు. విని, యజమాని ఎప్పుడెప్పుడు వెళ్లిపోదామా అని చూస్తున్నాడని చెప్పాడు. ఇంకో చోట స్థలం ఇస్తామంటున్నారట. ఒక్క రిపోర్టు తేడాగా వస్తే మిషన్లు లారీలెక్కుతాయి, మళ్లీ అందరం అరుగుల మీద పేకాటే అన్నాడు. మరి నా కోడలు ఏం తాగాలిరా అని అడిగాను. కాన్పయ్యేదాకా ట్యాంకరు నీళ్లు ఇంటికే పంపిస్తానని మాటిచ్చాడు. పైపులైను కోసం ఊరు పెట్టుకున్న అర్జీ పైకి వెళ్లిందనీ, ఆలోపు కొళాయి కూడా వచ్చేస్తుందనీ అన్నాడు. కొళాయి మాట వినగానే నా కోపం సగం చల్లారింది. సరే ఏడువు అన్నాను.

మోటారు వేసేముందు ఒక బిందెడు పాత నీళ్లు తోడి, మూత పెట్టి, మంచం కింద దాచాను. ఎందుకని అడిగితే చెప్పలేను. తమ్ముడి మీద నమ్మకం లేదు, అంతే.

నీళ్లు దిగేకొద్దీ బావి లోపలి రాళ్లు బయటపడ్డాయి. వంగి చూశాను. ఫ్యాక్టరీ వైపు రాళ్లు పొడిగా ఉన్నాయి. ఎదురుగా, కొండవైపు, రెండు రాళ్ల సందులోంచి సన్నటి ధార కారుతోంది. నీలమూ కాదు, పచ్చా కాదు. కారినంత మేరా రాయి నిగనిగలాడుతోంది. మా ఇంటికి పైన ఇంకో ఇల్లు లేదు. పైన ఉన్నది పాత రాతి క్వారీ ఒక్కటే. దాంట్లో ఏముందయ్యా అని మోటారు మెకానిక్కును అడిగాను. అతను స్పానరు తుడుచుకుంటూ, "మీ వాణ్ణే అడగండి అత్తా, తోలేది అతనేగా" అన్నాడు.

మా వాడు దాచలేదు. వాగులో చేపలు చచ్చి తేలిన దగ్గర్నుంచి వాగు మీద అందరి కళ్లూ పడ్డాయట. తోళ్లు నానబెట్టే తొట్లలో మిగిలే బురదను అప్పట్నుంచీ ఊరు లేవకముందే ట్రాక్టరులో క్వారీకి చేరుస్తున్నారు. చేరుస్తున్నది వీడే. నాకు ఒళ్లు మండిపోయింది. ముందు నుయ్యి వెనక గొయ్యి అని సామెత చెప్పుకుంటాం, మా ఇంటికి అదే చిరునామా అయింది.

"నేను కాకపోతే ఇంకొకడు తోలతాడమ్మా. అది అదనపు డ్యూటీ. దీని కాన్పు పెద్దాసుపత్రిలో చేయిద్దామని ఒప్పుకున్నాను. కిందికి దిగుతుందని నాకేం తెలుసు?"

కొడదామని చెయ్యెత్తాను. వాడు తప్పుకోలేదు. చెయ్యి దానంతటదే దిగిపోయింది. బిడ్డ కోసమని బిడ్డ తాగే నీళ్లలోనే పోశావు కదరా అన్నాను. పక్కగదిలో కోడలు వింటూనే ఉంది. బయటికి రాలేదు.

మర్నాడు వచ్చిన ఆఫీసరమ్మ చిన్నపిల్ల. గొడుగు మడిచి చంకలో పెట్టుకుని, ఎండకు కందిన ముఖంతో మెట్టెక్కి వచ్చింది. వెనకాల మా తమ్ముడు, మా వాడు, టీ కొట్టాయన, కుట్టుమిషనావిడ, ఇంకా సగం వీధి. ఆ అమ్మాయి బావిలోంచి తనే తోడుకుని సీసా నింపింది. రంగు కాగితం ముంచి చూసి సంతోషపడింది.

"పాత రిపోర్టులన్నీ చదివానమ్మా. ఈ చుట్టుపక్కల ఇంత మంచి బావి లేదు. పైన క్వారీలో వ్యర్థాలు వేసుకోవడానికి కంపెనీ అనుమతి అడిగింది. కిందికి ఇంకుతుందేమోనని భయపడ్డాను. సరిగ్గా దాని కిందున్న బావే ఇంత శుభ్రంగా ఉంటే ఇంక అడ్డేముంది? ఒప్పుకుంటున్నానని రాసేస్తాను."

కొళాయైనా వస్తుందిలే అనుకుని పైపులైను సంగతి అడిగాను. ఆ పిల్ల మెత్తగానే చెప్పింది. నీళ్లు బాగాలేని ఊళ్లకే ముందు ఇస్తారట. మా అర్జీ వెనక్కి పంపేశారు. ఏటేటా ఇంత మంచి రిపోర్టులు వచ్చే ఊరికి కొళాయి దేనికని పైవాళ్లు రాశారట.

ఇన్నేళ్లూ ఊరంతా కష్టపడి సంపాదించుకున్నది ఇదన్నమాట! మా తమ్ముడి వైపు చూశాను. వాడు బావి గిలక వైపు చూస్తున్నాడు. అర్జీ తిరిగొచ్చిందని వాడికి ముందే తెలుసు.

"అమ్మా, ఆ సీసాలోవి మా బావి నీళ్లు కావు. నిన్న ట్యాంకర్లతో తెచ్చి పోశారు. మా నీళ్లు చెడిపోయాయి. క్వారీలో బురద ఎప్పట్నుంచో పోస్తున్నారు, పోసింది నా కొడుకే" అన్నాను.

 టీ కొట్టాయన దగ్గాడు. మా తమ్ముడు నవ్వబోయి ఆగిపోయాడు. మా వాడు ముందుకొచ్చాడు.

"అమ్మకు ఈమధ్య ఒంట్లో బాగుండటం లేదు మేడం. నాన్న పోయాక ఏదేదో అంటోంది. పట్టించుకోకండి."

అప్పుడు వాడి ముందు కంచం లేదు. తలెత్తి, నా కళ్లలోకి చూస్తూనే చెప్పాడు. ఏ ఫ్యాక్టరీలో నేర్పారో గాని బాగా నేర్పారు. అవునవును, పాపం అన్నారు వెనకాల నుంచి. నాతో కలిసి ఇన్నేళ్లూ ఊరు సర్దినవాళ్లే, ఇప్పుడు నన్ను సర్దేశారు.

లోపలికెళ్లి మంచం కింద బిందె తెచ్చి ఆఫీసరమ్మ ముందు పెట్టాను. ఇవి మా నీళ్లు, వాసన చూడండి అన్నాను. బిందెలో నీళ్లు శాంపిలుగా తీసుకోకూడదు, బావిలోంచే తియ్యాలి అంది. తీసుకుంటే ఎవరో ఏదో కలిపారంటారట. అలా అంటూనే వంగి వాసన చూసింది. సీసా మూత సగం తిప్పి ఆపేసింది. కొండవైపు చూసింది. క్వారీకి దారెటని మా వాణ్ణి అడిగింది. వాడు మా తమ్ముడి వైపు చూశాడు. ఇంకొక్క క్షణం అలా ఉంటే పైకి నడిచేదే. నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు కోడలు బయటికొచ్చింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని నెమ్మదిగా వచ్చి, ఆ బిందెలో గ్లాసు ముంచి, అందరి ఎదుటా గటగటా తాగేసింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

"మంచినీళ్లేనండీ. రోజూ ఇవే తాగుతున్నాను. బాగాలేకపోతే ఈ కడుపుతో తాగుతానా?"

ఆఫీసరమ్మ దాని పొట్ట వైపు చూసింది. ముఖం మీద ఏదో తేలికపడ్డట్టు కనిపించింది. ఏ ఆడదైనా అలాగే అనుకుంటుంది, దాన్నేం తప్పు పట్టను. సీసా మూత బిగించి, గొడుగు విప్పుకుని మెట్ట దిగింది. జనం ఆమె వెంటే దిగారు. మా తమ్ముడు మాత్రం వెళ్తూ వెళ్తూ కోడలి తల నిమిరాడు.

బిందె ఎత్తి వాకిట్లో కొట్టాను. నీళ్లన్నీ మట్టిలో ఇంకిపోయాయి. ఎందుకు తాగావే, ఎవరు తాగమన్నారే అని దాని భుజాలు పట్టుకుని ఊపేశాను. అది ఏడవలేదు.

"ఇన్ని నెలల్నుంచీ తాగుతున్నవే కదత్తయ్యా. ఇంకో గ్లాసుతో కొత్తగా ఏమైపోతుంది? ఫ్యాక్టరీ మూస్తే మాత్రం రేపట్నుంచే అయిపోతుంది. వీడు పుట్టి ఏం తినాలి?"

  అంత తెలివైన కోడలికి అంత చెడ్డ లెక్క ఎవరు నేర్పారని ఏడ్చాను గాని, నేర్పినవాళ్లలో నేనూ ఒకదాన్నని తెలుసు.

మా తమ్ముడు మాట తప్పలేదు, కోడలికి ట్యాంకరు నీళ్లు వస్తున్నాయి. గండం గడిచిందనుకునేలోపే ఇంకోటి మొదలైంది. కడుపుతో ఉన్న పిల్ల ఆఫీసరు ముందు మా బావి నీళ్లు తాగిందని కథ ఊరంతా పాకింది. రుచి మారిందని కొన్నాళ్లుగా రావడం మానేసిన ఆడపిల్లలు కూడా మళ్లీ బిందెలు పట్టుకున్నారు. ముందర కుట్టుమిషనావిడ కూతురు, ఆరో నెల. దాని వెనక చంటిపిల్లను చంకనెత్తుకున్న బాలింత. వాకిలి నిండిపోయింది.

అప్పటికే ట్యాంకరు నీళ్లు అడుగంటుతున్నాయి. కొండవైపు ధార ఆగకుండా కారుతూనే ఉంది, బావి దాంతోనే నిండుతోంది. అందరికీ చెప్పాను. చేతులు పట్టుకుని చెప్పాను, తిట్టి చెప్పాను, ఆఖరికి గట్టు మీద అడ్డంగా కూర్చున్నాను. కుట్టుమిషనావిడ నన్ను మెల్లగా భుజం పట్టి లేపబోయింది. "నీ కోడలు తాగొచ్చు, మా పిల్లలు తాగకూడదా అత్తా? నీళ్లు కూడా దాచుకుంటారా?" అంది. నాకు మతి లేదన్నది చాలక, ఇప్పుడు స్వార్థం కూడా అంటగట్టారు. దాని కూతురు ఈలోపు చేద బావిలోకి వదిలేసింది.

గిలక చప్పుడు విన్నాక నేను ఆలోచించలేదు. గోడవారగా మా వాడి డీజిలు డబ్బా ఉంది. ఎత్తుకొచ్చి, మూత తీసి, మొత్తం బావిలో గుమ్మరించాను. నాలుగు గోడల వెంబడీ తిప్పి మరీ పోశాను. కంటికి కనపడని విషమైతే నమ్మరు, కనపడేది అయితే తాగరు కదా! చేద పైకొచ్చేసరికి దాని నిండా డీజిలే. ఆ పిల్ల చేద వదిలేసి వెనక్కి జరిగింది. వాళ్లమ్మ పెట్టిన శాపనార్థాలు ఇక్కడ చెప్పను. నేను మాత్రం గట్టు మీద కూర్చుని ఊపిరి పీల్చుకున్నాను. ఎవరూ తాగలేదు, ఆ పూటకు అది చాలనుకున్నాను.

కంపెనీ నా మీద కేసు పెట్టింది. తాగునీటి బావిని పాడుచేశానని. సాక్షిగా మా తమ్ముడు సంతకం పెట్టాడు. ఈ ఊళ్లో నీళ్లు పాడుచేసినందుకు ఇంతవరకు కేసు పడిన మనిషిని నేనొక్కదాన్నే. టీ కొట్టాయన నన్ను చూస్తే పక్కకు తిరుగుతాడు. మా వాడు ఇంట్లో మాట్లాడటం మానేశాడు. కోడలు మాత్రం మాట్లాడుతుంది. బిడ్డ కదులుతోందా అని పొద్దునా సాయంత్రమూ అడుగుతాను. కదిలిందత్తయ్యా అంటుంది. ఈమధ్య కాస్త ఆలోచించుకుని చెబుతోంది. నాకు ఆ ఆలోచనే భయంగా ఉంది.

నిన్న మధ్యాహ్నం ఆఫీసరమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి ఎవరికీ కబురు చెయ్యలేదు. బస్సు దిగి, టీ కొట్టు వైపు రాకుండా పొలాల మీదుగా ఒక్కతే నడిచి వచ్చింది. సంచిలోంచి ఖాళీ సీసా తీసి, నాతో ఏమీ అనకుండా చేద బావిలోకి వదిలింది. పైకి లాగాక వాసన చూసి నిలబడిపోయింది.

"ఇదెవరు చేశారమ్మా?"

నేనే అన్నాను. ఎందుకు చేశానో చెప్పాను. ఆ పిల్ల గట్టు మీద కూలబడింది.

"ఆ బిందె వాసన నన్ను నిద్రపోనివ్వలేదు. మీ మాట నమ్మే వచ్చాను. క్వారీ అనుమతి మీద పైవాళ్లు సంతకం చేసేశారు. ఇవాళ ఈ బావిలోంచి ఒక్క సీసా దొరికుంటే రద్దు చేయించేదాన్ని."

క్వారీలోంచే పట్టుకో తల్లీ అన్నాను. అనుమతి వచ్చాక అది కంపెనీ స్థలమట, ఆమె అడుగు పెట్టకూడదట. శాంపిలు తియ్యాల్సిన చోటుగా కాగితాల మీద ఉన్నది మా బావి ఒక్కటేనట. అలా రాయించుకున్నది మేమే కదా. పోనీ తాడు కట్టి నన్ను దింపు, రాళ్ల సందులోంచి కారేది పట్టిస్తాను అన్నాను. ఆమె వంగి చూసింది. నేను గోడల వెంబడీ తిప్పి మరీ పోశానే, ఆ రాళ్లన్నీ నల్లగా జిడ్డు పట్టి ఉన్నాయి. ఇందులో ఏది దొరికినా మీరు పోసిందే అంటారమ్మా అంది.

ఖాళీ సీసా సంచిలో పెట్టుకుంది. నా చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలేసింది. పొలాల గట్టు మీద ఆమె గొడుగు కనిపించినంతసేపూ చూశాను.

అంతలో మెట్ట మీదికి ట్రాక్టరు ఎక్కుతున్న చప్పుడైంది. ట్రక్కు నిండా తడి బురద, కారుతోంది. మా వాడే తోలుతున్నాడు. మా ఇంటి ముందు నుంచే పోయాడు గాని తల తిప్పలేదు. అనుమతి వచ్చింది కాబట్టి ఇంక వాడికి ఊరు లేవకముందే లేవాల్సిన పని లేదు.